మాస్కు నేను తియ్యలేదు

"అమ్మమ్మా, మాస్కు కంపు కొడుతోందని మీరే తీసేశారంట కదా? మాష్టారు వద్దన్నా వినలేదంట కదా?"

మా ముందు గదిలో కుర్చీ అంచున కూర్చుని, చేతిలో జంతిక ముక్క పట్టుకుని, ఏ కల్మషమూ లేకుండా అడిగిందా పిల్ల. పదమూడేళ్లుంటాయేమో. పేరు హర్షిత. నా చిన్ననాటి స్నేహితురాలు నూకరత్నం మనవరాలు. రత్నం దాని పక్కనే కూర్చుని టీ తాగుతోంది. ఆ మాట విన్నాక కూడా తాగుతూనే ఉంది. నాకు చేతిలో ఉన్న ప్లేటు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

రత్నం రైల్వేలో ఉద్యోగం చేసి రిటైరై, ఈ మధ్యే అనకాపల్లిలో కూతురింటికి వచ్చి ఉంటోంది. ఇన్నేళ్లలో మేం కలుసుకున్నది ఎవరి పెళ్లిలోనో, ఎవరి దినానికో. బాగున్నావా అంటే బాగున్నావా అనుకుని చెరో వైపు వెళ్లిపోయేవాళ్లం. అలాంటిది పోయిన నెలలో తనే ఫోన్ చేసింది. "వరాలూ, నానే, రత్నాన్ని. మా గుంట సాఫ్ట్‌బాల్ ఆడతన్నాదే. కేచరు. మాస్కు పెట్టుకోయే అంటే సెమట పోత్తందని తీసెత్తాది. ఓపాలి తీసుకొత్తాను, నువ్వు సెప్పు. నీ మొహం సూత్తే దానికి బయ్యం తగుల్తాది" అంది. ఆ చివరి మాట గుచ్చుకోకపోలేదు. నా ఎడమ చెంప ఎముక లోపలికి పోయి ఉంటుంది. పై పెదవి మీద కుట్టు గీత ఉంది. ముందు పళ్లు కట్టించుకున్నవి. ఎడమ కంటి నుంచి ఎప్పుడూ నీరు కారుతూ ఉంటుంది. తెలుగు టీచరుగా పనిచేసినన్నాళ్లూ ప్రతి కొత్త తరగతిలో మొదటి రోజు పిల్లలు పాఠం వినకుండా నా మొహమే చూసేవారు. అది అలవాటైపోయింది. కానీ రత్నం నోట ఆ మాట వినడం అలవాటు లేదు. అయినా సర్దుకున్నాను. మనవరాలి వంక పెట్టుకుని వస్తోంది, నాతో చెప్పాల్సిన మాట చెప్పడానికే వస్తోంది అనుకున్నాను. వాళ్లొచ్చే రోజు పొద్దుటే లేచి ఇల్లు కడిగించాను. రత్నానికి ఇష్టమని జంతికలు చేశాను. ఒక్క మాట కోసం ఇంత వయసు వచ్చే దాకా ఎదురుచూసిన మనిషికి అలాంటి పిచ్చి ఆశలు వస్తాయి కాబోలు.

మా ఊరు అనకాపల్లి నుంచి కె. కోటపాడు వెళ్లే దారిలో, రోడ్డుకి ఎడంగా లోపలికి ఉండేది. మాకున్న కొద్ది భూమిలో చెరుకు వేసేవాళ్లం. బెల్లం వండే రోజుల్లో ఇంట్లో ప్రతిదానికీ ఆ వాసనే పట్టేది, నా జడకీ, పుస్తకాలకీ, తాగే నీళ్లకీ. మా నాన్న పొయ్యి దగ్గర నిలబడి, మరుగుతున్న పాకంలోంచి ఒక చుక్క తీసి నీళ్లలో వేసి, రెండు వేళ్ల మధ్య ఉండ చేసి చూసి, దించాలో వద్దో చెప్పేవాడు. పక్క కళ్లాల వాళ్లు కూడా ఆయన్ని పిలుచుకెళ్లేవారు. ఆయన "అవ్వలేదు" అంటే అవ్వలేదే. ఎదుటివాళ్లు ఎంత తొందరపెట్టినా "అయిపోయింది" అనేవాడు కాదు. మా నాన్న నోట్లోంచి అబద్ధం రాదని నేను చాలా గట్టిగా నమ్మడానికి ఆ పాకం చుక్కే కారణం అనుకుంటాను. అమ్మ తెల్లారకుండానే చెరుకు పిప్పి ఎగదోసి పొయ్యి ముట్టించేది. మాకు పొద్దుట గెంజన్నం, అందులోకి ఉల్లిపాయో, కాల్చిన ఎండు నెత్తళ్ల చేపలో. నాయనమ్మ అరుగు మీద కూర్చుని అడ్డచుట్ట కాల్చేది. అంటే నిప్పున్న కొస నోట్లోపల పెట్టుకుని పొగ పీల్చేది. మా వైపు ముసలమ్మలు చాలామంది అలాగే కాల్చేవారు. చుట్ట నోట్లో ఉండగానే తిట్టేది, కబుర్లు చెప్పేది, కోడల్ని పిలిచేది. నిజంగా ముఖ్యమైన మాటైతేనే చుట్ట బయటికి తీసేది.

ఆ ఎండు నెత్తళ్లు రత్నం వాళ్లమ్మ పంపేవి. వాళ్లది రాంబిల్లి దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. అక్కడ పై చదువుకి వీలులేక, రత్నాన్ని మా పక్కింట్లో ఉండే మేనత్త దగ్గర ఉంచారు. ఆ మేనత్త ఇల్లు ఇరుకు, ఆవిడ మనసు అంతకన్నా ఇరుకు. దాంతో రత్నం తినడం, పడుకోవడం అంతా మా ఇంట్లోనే. ఒకే చాప, ఒకే దుప్పటి. నాయనమ్మ బెల్లం ముక్క విరిచి పెడితే పెద్ద ముక్క దానికే వెళ్లేది. నేను అడిగితే, "అది తల్లికి దూరంగా ఉన్నాది కదేటే" అనేది. నాకేమీ కష్టంగా అనిపించేది కాదు. ఇద్దరం కలిసి అనకాపల్లి ఆడపిల్లల హైస్కూలుకి వెళ్లేవాళ్లం. బస్సు దొరికితే బస్సులో, లేకపోతే నడిచి.

మా స్కూల్లో సాఫ్ట్‌బాల్ మొదలుపెట్టింది కామేశ్వర్రావు మాష్టారు. డ్రిల్లు మాష్టారు. తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో విజిలు. మమ్మల్ని ఒక్క దెబ్బ కొట్టి ఎరగరు. ఎండలో ఆడి వస్తే తన డబ్బాలోంచి గ్లూకోజు పొడి చేతిలో వేసేవారు. మొదటి వారమే రత్నం చెయ్యి చూశారు. అది జీడిమామిడి తోటల్లో రాళ్లు విసిరిన చెయ్యి. బంతిని కింద నుంచి గిర్రున తిప్పి వదిలితే, కొట్టేవాళ్లు బ్యాటు ఎత్తే లోపు వెనక్కి దాటిపోయేది. ఆ బంతి పట్టుకోవడానికి బ్యాటు వెనకాల గొంతుక్కూర్చునే మనిషి కావాలి. కేచర్ అంటే అదే. ముందు కూర్చున్న ఇద్దరమ్మాయిలు ఏడ్చి వెళ్లిపోయారు. నేను కూర్చున్నాను. రత్నం బంతి నాకు ముందే తెలిసిపోయేది. దాని వెనక కాలు నేలని తన్నే తీరు చూస్తే చాలు, బంతి ఎంత జోరుగా వస్తుందో, ఎక్కడికి వస్తుందో చెప్పగలిగేదాన్ని. నేను మోకాళ్ల మధ్య వేళ్లతో సైగ చేసేదాన్ని, అది తలూపి వేసేది. మేమిద్దరం ఎదురెదురుగా ఉంటే మధ్యలో ఎవరూ లేనట్టే ఉండేది.

మొదటి రోజు మాష్టారు నాకు మాస్కు ఇస్తూ అందరినీ చుట్టూ నిలబెట్టి చెప్పారు. "చూడండమ్మా, కేచర్‌కి మాస్కు లేకపోతే ఆట లేదు. ఎవరు చెప్పినా సరే, నేను చెప్పినా సరే, మాస్కు లేకుండా బంతి ముందు కూచోకూడదు. రూలు." ఆ మాట నాకు చాలా నచ్చింది. నా మొహం కోసం దేశమంతటికీ ఒక రూలు ఉందన్నమాట అనుకున్నాను. అప్పట్లో మాకు హెల్మెట్టు లేదు. గట్టిగా వేసిన రెండు జడలే హెల్మెట్టు. మాస్కు కూడా స్కూలంతటికీ ఒకటే. ఇనప తీగల బోను, లోపల తోలు మెత్తలు, గడ్డం కింద గొంతుకి అడ్డంగా వేలాడే ఒక తోలు ముక్క. లాగి కట్టే పట్టీ సాగిపోతే అమ్మ పాత లంగా బొందు కుట్టి ఇచ్చింది. దాన్ని మాష్టారి గదిలో, చుట్టిపెట్టిన మ్యాపుల పక్కన, ఇనప పెట్టెలో ఉంచేవారు. అందులో ఎన్ని తలల కొబ్బరినూనె ఇంకిందో, ఎన్ని వేసవుల చెమట పట్టిందో గానీ భరించలేని వాసన. ఒకరోజు ఇంటికి నడిచి వస్తూ రత్నంతో అన్నాను, "అది పెట్టుకుంటే సచ్చిన ఎలక పక్కన పడుకున్నట్టుంటాదే" అని. ఇద్దరం చెరుకు తోట గట్టు మీద కూలబడి కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నాం. మర్నాడు మళ్లీ పెట్టుకున్నాను. ఆ వాసనకి నేనెప్పుడూ మాస్కు తియ్యలేదు. తీస్తే రత్నం బంతి ఏం చేస్తుందో నాకన్నా బాగా ఎవరికి తెలుసు?

పాయకరావుపేటలో పోటీలు జరిగాయి. జిల్లా జట్టుకి పిల్లల్ని ఎంచడానికి పెద్దలు వచ్చి షామియానా కింద కూర్చున్నారు. జట్టులో చోటు దొరికితే తర్వాత రాష్ట్రం, ఆ తర్వాత కాలేజీ సీటు, ఉద్యోగం అని మాష్టారు దారంతా చెబుతూనే ఉన్నారు. రత్నం బస్సులో కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది. ఆట మొదలయ్యే ముందు అంపైరు రెండు జట్ల సామానూ చూశాడు. అవతలి స్కూలు మాస్కుకి మధ్య తీగలు విరిగిపోయి, పిడికిలి పట్టేంత కన్నం ఉంది. "ఇది చెల్లదు. మాస్కు లేని టీము ఆడదు" అన్నాడు. ఆ పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. అప్పుడు మా మాష్టారు ముందుకొచ్చి, "మాది ఇస్తాం సార్. రెండు టీములూ ఒకేసారి ఫీల్డింగ్ చెయ్యవు కదా, మార్చుకుంటారు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మా మాష్టారు ఎంత మంచివారో అని గర్వపడ్డాను కూడా.

మూడో ఇన్నింగ్సు అనుకుంటాను. మేం ఫీల్డింగ్‌కి దిగాల్సిన వేళకి అవతలి కేచర్ జుట్టులో మాస్కు బొందు చిక్కుకుపోయింది. ఇద్దరు పిల్లలు దాని తల దగ్గర చేరి విప్పుతున్నారు. అంపైరు అటు తిరిగి మంచినీళ్లు తాగుతున్నాడు. రత్నం చెయ్యి ఊపుకుంటూ బంతి పట్టుకుని నిలబడింది. "కూచో వరలక్ష్మీ, నాలుగు బంతులు వేయించు. చెయ్యి చల్లబడిపోతుంది" అన్నారు మాష్టారు.

"మాస్కు రానివ్వండి మాష్టారూ" అన్నాను.

"వార్మప్పేగా! రూలు ఆటకి. కూచో, పెద్దలు చూస్తున్నారు."

నేను రత్నం వైపు చూశాను. "మెల్లిగా ఏత్తాన్లేవే" అంది. కూర్చున్నాను. మాష్టారు చెప్పారు, రత్నం మాట ఇచ్చింది. ఇంకేం కావాలి? మొదటి బంతి మెల్లిగానే వేసింది. రెండోదీ అంతే. ఇంతలో షామియానా కిందనుంచి ఒక పెద్దాయన లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, మైదానం చుట్టూ కట్టిన తాడు దాకా నడిచి వచ్చాడు. రత్నం ఆయన్ని చూసింది. నన్ను చూడలేదు. నేను సైగ చెయ్యలేదు. అది తలూపలేదు. దాని వెనక కాలు నేలని తన్నడం చూశాను. ఆ బంతి నేను వందసార్లు పట్టుకున్న బంతే. కానీ ముందు తీగలు లేవని తెలిసిన మొహం దానంతటదే పక్కకి తిరిగిపోయింది. ఎండిన చెరుకు గడ మోకాలికేసి విరిచినట్టు చప్పుడు వినిపించింది. అది నా మొహంలోంచి వచ్చిందని కాసేపటి దాకా తెలియలేదు. మట్టిలో పడి ఉన్నాను. అవతలి కేచర్ మాస్కు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, నా మొహం చూసి కేకపెట్టి, దాన్ని నా పక్కనే వదిలేసింది. అంపైరు వెనక్కి తిరిగి చూసేసరికి నేను నేల మీద ఉన్నాను, మాస్కు నా చేతి పక్కన ఉంది. ఆ తర్వాత జనం.

విశాఖపట్నం పెద్దాసుపత్రిలో దవడకి తీగలు బిగించారు. ఇంటికి తెచ్చాక నోరు తెరిచే వీలు లేదు. నాయనమ్మ చోడంబలి, అంటే రాగిజావ, పల్చగా కాచి, వడగట్టి, పసిపిల్లలకి పట్టే ఉగ్గుగిన్నెతో పళ్లూడిన సందులోంచి పోసేది. పోస్తూ, "మింగు నా తల్లీ, మింగు" అనేది. నేను రోజూ గుమ్మం వైపే చూసేదాన్ని. రత్నం రాలేదు. భయపడి ఉంటుందనుకున్నాను. నా మొహం చూస్తే ఏడుస్తుందని రావడం లేదనుకున్నాను. వస్తే దాని చెయ్యి పట్టుకుని ఫరవాలేదని ఎలా సైగ చెయ్యాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

వచ్చింది. ఒక్కతీ కాదు. హెడ్‌మిస్ట్రెస్, మాష్టారు, పోటీలు పెట్టిన వాళ్ల తరపున ఒక పెద్దమనిషి, వాళ్ల వెనకాల రత్నం. నేను లోపలి గదిలో మంచం మీద ఉన్నాను. తలుపు ఓరగా వేసి ఉంది. నాన్న వాళ్లని నులక మంచం మీద కూర్చోబెట్టాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. పెద్దమనిషి గొంతు వినిపించింది. "చూడండి, మాస్కు లేకుండా కేచర్‌ని కూచోబెట్టినట్టు తేలితే మాష్టారి మీద చర్య ఉంటుంది. ఈ స్కూలు ఆడిన ఆటలన్నీ రద్దవుతాయి. ఇక్కణ్ణించి ఎంపికైన పిల్ల కూడా ఆగిపోతుంది. అందుకే జరిగింది జరిగినట్టు చెప్పండి." అప్పుడు తెలిసింది నాకు, ఎంపికైన పిల్ల ఒకతె ఉందని.

"చెప్పమ్మా రత్నం, ఎదురుగా ఉన్నది నువ్వే కదా" అంది హెడ్‌మిస్ట్రెస్.

రత్నం గొంతు వినిపించింది, "అది నాకు ముందే సెప్పినాది మేడమ్. ఆ మాస్కు సచ్చిన ఎలక కంపు కొడతాదని. మాష్టారు పెట్టుకోమన్నారు. అదే తీసీసినాది. నాను సూసేను."

చెరుకు గట్టు మీద మేమిద్దరం నవ్వుకున్న మాట అది. మా ఇద్దరికీ తప్ప లోకంలో ఎవరికీ తెలియని మాట. అబద్ధాన్ని నిలబెట్టడానికి దానికి ఒక నిజం కావలసి వచ్చింది, నా నోట్లోంచి తీసుకుంది. నాకు అరవడానికి నోరు లేదు. పక్కనున్న గ్లాసు తీసి గోడకేసి కొట్టాను. ముందు గదిలో మాటలు ఆగాయి. అప్పుడు మా నాన్న గొంతు. "మా గుంట మొండిదండి. సిన్నప్పట్నుంచీ అంతే. ఎవుల మాటా ఇనదు." మాష్టారు వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "త్వరగా కోలుకోవాలమ్మా" అన్నారు. రత్నం గదిలోకి తొంగి కూడా చూడలేదు.

వాళ్లు వెళ్లాక నాయనమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. చుట్ట బయటికి తీసింది. "నువ్వు తీసేవేటే అమ్మీ?" అని అడిగింది. లేదని తల అడ్డంగా ఊపాను. "మరైతే తియ్యలేదు" అంది. చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుంది. ఆ ఇంట్లో నన్ను అడిగిన మనిషి ఆవిడ ఒక్కతే.

సాయంత్రం తమ్ముడి పలక తెప్పించుకుని, 'మాస్కు నేను తియ్యలేదు' అని రాసి నాన్నకి చూపించాను. ఆయన అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. చాలాసేపు పలకని పట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత భుజం మీది తువ్వాలుతో తుడిచేశాడు. "నాకు తెల్సమ్మీ" అన్నాడు. "నువ్వు తియ్యవు. నాకు తెల్దేటి? పెద్దోళ్లతో మనకెందుకు? మాష్టారు ఇంకా పిల్లల్ని సదివించుకోవాల. ఆ రత్నానికి ఆ ఆట తప్ప ఏటున్నాది? తప్పు నీదే అనుకుంటే అందరికీ గొడవ పోద్ది." నాకైతే ఆ బంతి దెబ్బకన్నా ఈ మాట దెబ్బే ఎక్కువ లోతుకి దిగింది. ఆయన నమ్మక అన్నాడనుకుని ఉంటే ఎప్పటికైనా నమ్మించగలిగేదాన్ని. తెలిసి అన్నాడు. ఎవరెంత తొందరపెట్టినా పాకం కాకుండా దించని మనిషి, నన్ను మాత్రం దించేశాడు. ఆయన పోయేదాకా మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ తర్వాత ఇంట్లో అలాగే తిన్నాను, అలాగే నవ్వాను, ఆయన చివరి రోజుల్లో చేతులు పట్టుకుని నడిపించాను. కానీ ఆ రోజు తర్వాత ఏ విషయంలోనూ నాన్నని సాక్ష్యం అడగలేదు.

రత్నం జిల్లాకి ఆడింది, రాష్ట్రానికి ఆడింది, ఆ ఆటతోనే రైల్వేలో చేరింది. వాళ్లమ్మ ఎప్పటిలాగే నెత్తళ్లు పంపితే నాయనమ్మ మూట విప్పకుండా తిప్పి పంపింది. మాష్టారు రిటైరైన చాలా ఏళ్లకి, నేను పనిచేస్తున్న స్కూల్లో ఆటల పండక్కి ముఖ్య అతిథిగా వచ్చారు. మైకులో, "గురువు మాట వినాలి. నా దగ్గర ఒక అమ్మాయి ఉండేది. నేను చెప్పినా వినకుండా మాస్కు తీసేసి మొహం పాడు చేసుకుంది" అన్నారు. ముందు వరసలో కూర్చున్న నా వైపు ఆయన చూపు రాలేదు. ఎదురుగా ఉన్నది నేనేనని ఆయనకి తెలుసో లేదో ఈనాటికీ తెలియదు. టీ దగ్గర "బాగున్నావా అమ్మా" అన్నారు. బాగున్నానన్నాను. అప్పటికే అది నా కథ కాదు. పిల్లలకి చెప్పే కథ అయిపోయింది.

ఇప్పుడది మా ముందు గదిలో జంతిక తింటూ నన్నే అడుగుతోంది.

"ఎవరు చెప్పారమ్మా నీకు?" అన్నాను.

"అమ్మమ్మ. చిన్నప్పట్నుంచి చెబుతుంది" అంది హర్షిత. తన బ్యాగు తెరిచి చూపించింది. హెల్మెట్టు, దానికే బిగించిన ముందు కడ్డీలు, చెవులకి కప్పు, గొంతుకి విడిగా ఒక పలక. ఎంత తేలిగ్గా ఉందో. ఇంకా కొత్త ప్లాస్టిక్కు వాసన పోలేదు. లోపలి మెత్త తీసి ఉతుక్కోవచ్చట. "ఇవన్నీ లేకపోతే అంపైర్ ఒప్పుకోడమ్మమ్మా. వార్మప్‌కి కూచున్నా మాస్కు ఉండాలని రూల్‌లో ఉంది. కానీ మా సార్ ప్రాక్టీసులో వార్మప్‌కి అక్కర్లేదంటారు, టైమ్ వేస్టంట. నాకు భయమేస్తుంది. అయినా సార్ మాట వినాలి కదా! మీరు వినకే కదా ఇలా అయింది?"

అన్నాళ్లూ నా పరువు గురించే బాధపడ్డాను. ఆ అబద్ధం ఇంకో పిల్లని అదే మట్టిలో, అలాగే ఉత్త మొహంతో కూర్చోబెడుతుందని నాకు తట్టలేదు. నేను మాట విననందుకు కాదు, విన్నందుకే ఇలా అయ్యాను.

"రత్నం, నేను తీశానా?" అన్నాను.

"ఇప్పుడెందుకే అయ్యన్నీ! పిల్లకి బయ్యం ఉండాలని సెప్పేను."

"నేను తీశానా?"

రత్నం కప్పు కింద పెట్టింది. నా వైపు చూసింది. ఆ చూపులో నేను వెతికింది లేదు. తప్పు చేసిన బెదురూ లేదు, దాచుకున్న దొంగతనమూ లేదు. "నువ్వే తీసేవు కదే" అంది నెమ్మదిగా, ఆశ్చర్యంగా. "నాకు అలాగే గుర్తు."

ఏళ్ల తరబడి, ఎక్కడో దాని లోపల ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూ ఉంటుందని నమ్మాను. ఆ నమ్మకంతోనే దాన్ని క్షమించడానికి సిద్ధంగా ఉన్నాను. అక్కడ ముల్లే లేదు. ఎన్నిసార్లు చెప్పుకుందో, తను చెప్పిందే తను చూసిందైపోయింది. నన్ను మోసం చేసిన మనిషి కూడా ఇక మిగల్లేదు, నిలదీయడానికి.

నేను హర్షితకి అంతా చెప్పాను. మాష్టారు ఏమన్నారో, అమ్మమ్మ ఏమందో, మూడో బంతి ఎలా వచ్చిందో. గొంతు పెంచలేదు. పిల్ల జంతిక కూడా నమలకుండా వింది. "స్పీడ్‌గా వేశావా అమ్మమ్మా?" అని రత్నాన్ని అడిగింది. "దాని మాటలేటి, పద ఎల్దాం" అని రత్నం లేచి చెప్పులేసుకుంది. పిల్ల వెళ్తూ నా ఫోను నంబరు అడిగి తీసుకుంది.

కొన్నాళ్లకి దాని నుంచి ఫోను వచ్చింది. మాస్కు లేకుండా వార్మప్‌కి కూర్చోనందట. కోచ్ దాన్ని పక్కన కూర్చోబెట్టి, ఇంకో అమ్మాయిని కేచర్‌ని చేశాడట. "రేపు అమ్మమ్మ వచ్చి నా చేత సార్‌కి సారీ చెప్పిస్తానంది" అంది. ఏడవడం లేదు.

మర్నాడు పొద్దుట ఆటో ఎక్కి ఆ స్కూలు మైదానానికి వెళ్లాను. గేటు దగ్గరే ఆగిపోయాను. నేను చెబితేనే ఆ పిల్ల ఆటకి దూరమైందన్న సంగతి నా కాళ్లని లోపలికి పోనివ్వలేదు. రత్నం కోచ్ ముందు చేతులు కట్టుకుని నిలబడి ఏదో చెబుతోంది. హర్షిత బల్ల మీద కూర్చుని ఉంది, ఒళ్లో హెల్మెట్టు. అవతల కొత్త కేచర్, సన్నటి పిల్ల, ఉత్త మొహంతో గొంతుక్కూర్చుని చేతి తొడుగు సర్దుకుంటోంది. రత్నం మనవరాల్ని చెయ్యూపి పిలిచింది. హర్షిత లేచింది. కానీ కోచ్ దగ్గరికి వెళ్లలేదు. తిన్నగా ఆ సన్నపిల్ల దగ్గరికి వెళ్లి, తన హెల్మెట్టు దాని తలకి తొడిగి, గడ్డం కింద పట్టీ బిగించింది. "నాది పెట్టుకో. తర్వాత ఇచ్చెయ్" అంది.

"హర్షితా!" అని అరిచాడు కోచ్.

"రూల్ సార్" అంది. వచ్చి మళ్లీ బల్ల మీద కూర్చుంది.

రత్నం అప్పుడు నన్ను చూసింది. గేటు దాకా గబగబా వచ్చింది. "నా మనవరాల్ని సెడగొట్టీసేవు కదే వరాలూ. దానికి జట్టులో సోటు పోనాది. నీ కడుపు సల్లబడిందా?" అంది. కళ్లనిండా నీళ్లు. నిజమైన కోపం. దానికి చెప్పడానికి నా దగ్గర ఒక జీవితానికి సరిపడా మాటలున్నాయి. దాని భుజం మీదుగా మైదానంలోకి చూస్తున్నాను. బంతి వేసే అమ్మాయి చెయ్యి తిప్పి వదిలింది. బంతి సన్నపిల్ల తొడుగు అంచుకి తగిలి, పైకి లేచి, సూటిగా మొహం మీదికి వెళ్లింది. కడ్డీల మీద టంగుమని మోగి కింద పడింది. పిల్ల ఒకసారి తల విదిలించుకుంది. బంతి తీసి దుమ్ము దులిపి, వెనక్కి విసిరింది.